వెండి పెట్టె ఫోటోకు ఏ స్టాండ్ కొనాలి?

“అన్నా, ప్రోడక్ట్ షూట్లు మొదలుపెడుతున్న. ఏ ట్రైపాడ్ తీసుకోమంటవ్?”

పెళ్లిళ్ల సీజన్ కాస్త తగ్గగానే హనుమకొండ, కాజీపేట, జనగామ వైపు తమ్ముళ్లు ఫోన్ చేసి అడిగే మాట ఇది. కెమెరా ఉంది, లైట్లున్నాయి, ఒకటో రెండో ఆర్డర్లు చేతికొచ్చాయి, ఇక స్టాండ్ ఒక్కటే తక్కువ. నేను ముందు మూడు సంగతులు అడుగుతాను. ఎంత పెద్ద వస్తువు తీస్తావు? లైటు ఫ్లాషా, ఎల్‌ఈడీనా? గది కింద ఉందా, మేడ మీదనా? ఇవి తేలకుండా కొన్న స్టాండ్ ఏడాది తిరగకముందే మూలకు చేరుతుంది.

పెళ్లిలో కెమెరా మనుషుల వెంట తిరుగుతుంది. టేబుల్ మీద పెట్టిన వస్తువును తీసేటప్పుడు కెమెరా ఒకచోట కుదురుకుంటుంది. జరిగేది వస్తువు, లైటు, వెనకాల కాగితం. గంటసేపు సర్దిన ఫ్రేమ్‌ను వెంట్రుకవాసి పైకి ఎత్తాల్సి వస్తే, అది పక్కకు ఒరగకుండా ఆ ఒక్క దిక్కుకే కదలాలి. కదిపి చెయ్యి తీశాక అక్కడే నిలవాలి. స్టాండ్‌లో నేను వెతికేది ఈ రెండు గుణాలనే. ఎన్ని కిలోలు మోస్తుందో డబ్బా మీద ఉంటుంది. ఇవి మాత్రం చేత్తో పట్టుకుని చూస్తే తప్ప తెలియవు.

కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పెట్టె ఒకటి తీసిన రోజు చెప్తాను. ఫిలిగ్రీ అంటే సన్నగా సాగదీసిన వెండి తీగను మెలిపెట్టి, ఆకులుగా, చుట్టలుగా వంచి, చట్రంలో పొదిగి అతికే పని. ఈ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. పెట్టె అరచేతిలో పట్టేంత. మూత మీద ఒక నెమలి, దాని పింఛంలో ఒక్కో కన్నూ బియ్యపు గింజంత. ఆ పింఛాన్ని దగ్గరగా చూపించమన్నారు. 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ పెట్టి, వస్తువు ఎంతుందో సెన్సార్ మీదా అంతే పడేంత దగ్గరికి వెళ్లాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సెన్సార్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, కాబట్టి అప్పుడు ఫ్రేమ్ వెడల్పూ అంతే. 24 మెగాపిక్సెల్ ఫోటోలో అది 6000 పిక్సెళ్లు. అంటే కెమెరా చూపు 1 మిల్లీమీటరు పక్కకు తప్పితే ఫోటోలో 160 పిక్సెళ్లకు పైగా జరిగినట్టు. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11 దాకా చిన్నది చేసినా ఫోకస్ ఒకటిన్నర మిల్లీమీటరు లోతు కూడా అందదు. అందుకని ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ 30 ఫ్రేములు తీసి, కంప్యూటర్‌లో కలపాలి.

తీశాను. కలిపి చూస్తే నెమలి మెడ దగ్గర ప్రతి తీగకూ పక్కన ఇంకో తీగ నీడలా కనబడుతోంది. మొదటి ఫ్రేమ్‌నూ చివరి ఫ్రేమ్‌నూ పక్కపక్కన పెడితే అర్థమైంది: కెమెరా మెల్లగా ముక్కు కిందికి దించుకుంటూ పోయింది. హెడ్ అంటే కాళ్ల మీద కూర్చుని కెమెరాను పట్టుకునే తల. నాది గుండు మీద తిరిగే రకం, గట్టిగా బిగించిన బాల్ హెడ్డే. 10 కిలోలు మోస్తుందని రాసి ఉన్నదే. నా కెమెరా, లెన్స్ కలిపి కిలోన్నర లేదు. పెట్టెను చీకటిపడే లోపు తిరిగి ఇవ్వాలి. రెండోసారి తీసే టైమ్ లేక, ఉన్నవాటిలో 6 ఫ్రేములు మాత్రం కలిపి, సగం పింఛం స్ఫుటంగా, సగం మసకగా ఇచ్చాను. ఆ పని అలా ఇచ్చినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ వారంలోనే హెడ్ మార్చాను.

కాబట్టి డబ్బు ముందు హెడ్ మీద పెట్టండి, మిగిలింది కాళ్ల మీద. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు.

బాల్ హెడ్‌లో ఒక్క నాబ్ వదిలితే మూడు దిక్కులూ ఒకేసారి వదులవుతాయి. బయట తిరిగేవాళ్లకు అది సుఖం. టేబుల్ ముందు అదే కష్టం: కొంచెం పైకి ఎత్తుదామని వదులు చేస్తే పక్కవాలు కూడా పోతుంది. బిగించేటప్పుడు గుండు రవ్వంత కిందికి జారుతుంది. ఆ జారుడును లెక్కలో వేసుకుని ముందే కాస్త పైకి పెట్టేవాళ్లున్నారు, నేనూ చేశాను. రోజుకు 40 వస్తువులు తీయాల్సినప్పుడు మాత్రం చేయి, ఓపిక రెండూ అయిపోతాయి.

త్రీ-వే హెడ్‌కు మూడు పిడులుంటాయి, ఒక్కో పిడి ఒక్కో దిక్కుకు. ఒకటి వదిలితే మిగతా రెండూ బిగుతుగానే ఉంటాయి. తక్కువ డబ్బులో స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల ఫోటోలు) మొదలుపెట్టేవాళ్లకు నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే. పిడులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి మీ గడ్డానికి తగలకుండా అలవాటు పడాలి, అంతే.

గేర్ హెడ్ దీనికి పై మెట్టు. బిగించడం, వదలడం ఉండదు. నాబ్ తిప్పుతుంటే లోపల పళ్లచక్రం కెమెరాను నెమ్మదిగా తిప్పుతుంది, ఆపిన చోట ఆగుతుంది. మాన్‌ఫ్రోటో 410 చాలా కాలంగా స్టూడియోల్లో కనబడే హెడ్. కిలో పైన బరువుంటుంది, 5 కిలోల దాకా మోస్తుందని కంపెనీ లెక్క. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కెమెరా అడుగున బిగించి హెడ్‌కు తగిలించే దాని ప్లేటు ఆ కంపెనీ సొంత రకం, ఇప్పుడు అందరూ వాడే ఆర్కా రకం కాదు. మీ దగ్గరున్న ఆర్కా ప్లేట్లు దీనికి పట్టవు. నగలు, వాచీలు, ఫిలిగ్రీ లాంటివి తీసేవాళ్లు కెమెరా మార్చడం ఒక ఏడాది వాయిదా వేసైనా గేర్ హెడ్ తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మన దగ్గర ఎక్కువమంది చేతిలో ఉన్నది వీడియో ట్రైపాడ్, కెమెరాను మెత్తగా తిప్పే ఫ్లూయిడ్ హెడ్‌తో. దాన్ని పారేయొద్దు. ఆ కాళ్లు చాలా గట్టివి. హెడ్ మాత్రం పనికిరాదు, ఎందుకంటే అది పైకీ కిందికీ వంగుతుంది, చుట్టూ తిరుగుతుంది కానీ పక్కకు వాలదు. పైన 75 మిల్లీమీటర్ల గిన్నె ఉంటే, దానికి చదునైన తల ఉన్న అడాప్టర్ దొరుకుతుంది. దాని మీద త్రీ-వే హెడ్ బిగించుకుంటే మంచి స్టూడియో ట్రైపాడ్ తయారు. కాళ్ల మధ్యనుండే పట్టీ వల్ల బాగా కిందికి దిగదు. అప్పుడు టేబుల్‌నే ఎత్తు చేయండి. నేను నాలుగు సిమెంట్ ఇటుకలు పెడతాను.

షాపుకు మీ కెమెరా, మీ దగ్గరున్న అతి బరువు లెన్స్ తీసుకుని వెళ్లండి. హెడ్‌కు తగిలించి, లైవ్ వ్యూ (కెమెరా వెనక తెర మీదే చూడడం) పెట్టి, ఎదుటి గోడ మీది ఏదో ఒక అక్షరం మీదికి 10 రెట్లు జూమ్ చేయండి. ఆ అక్షరం అంచు తెర మధ్యలో ఉండగా నాబ్ బిగించి, చెయ్యి పూర్తిగా తీసేయండి. అక్షరం ఎంత కిందికి జరిగిందో కళ్లారా కనిపిస్తుంది. రెండు నిమిషాలాగి మళ్లీ చూడండి. ఇంకా జరుగుతుంటే ఆ హెడ్ వద్దు. తర్వాత ప్లేటును రెండు చేతులతో పట్టుకుని, సీసా మూత తిప్పినట్టు కొద్దిగా మెలిపెట్టి వదలండి. అక్షరం మళ్లీ మొదటి చోటుకే వస్తే కాళ్లు, కీళ్లు బాగున్నట్టు. పక్కన ఆగిపోతే ఎక్కడో ఒక జాయింట్ వదులుగా ఉన్నట్టు. చివరగా ఒక కాలిని గోటితో మెల్లగా తట్టి, తెర మీద వణుకు ఎన్ని క్షణాల్లో సద్దుమణుగుతుందో లెక్కపెట్టండి. ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా విప్పిన రోజే ఇంట్లో ఇవన్నీ చేసేయండి, వాపసు గడువు దాటకముందే.

కాళ్ల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. స్టూడియోలోనే ఉంటుంది కాబట్టి కార్బన్ ఫైబర్‌కు అదనంగా పెట్టే డబ్బులో ఎక్కువ భాగం మనకు అక్కర్లేని తేలికదనానికే పోతుంది. బరువైన అల్యూమినియం చాలు. నాలుగు మడతల కాళ్లకంటే మూడు మడతలవి మేలు. నడిమి గొట్టం ఎత్తకుండానే మీకు కావలసిన ఎత్తు రావాలి. ఆ గొట్టం ఎత్తారంటే మూడుకాళ్ల మీద ఒంటికాలు నిలబెట్టినట్టే. టైల్స్ నేల మీద రబ్బరు పాదాలే ఉండాలి. కాళ్లు పెట్టిన మూడు చోట్లా నేలకు టేప్ అంటించి పెట్టుకుంటే, ఎవరి కాలైనా తగిలినప్పుడు దాదాపు అదే చోటికి తేవచ్చు. నిలువు ఫోటోలు ఎక్కువ తీసేవాళ్లు ఎల్ ఆకారపు ప్లేటు వేయించుకోండి, కెమెరాను పక్కకు వేలాడదీసే బాధ తప్పుతుంది.

పది బై పన్నెండు గదిలో పనిచేసేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. ట్రైపాడ్ ముందు కాళ్లు టేబుల్ కాళ్లకు తగులుతాయి, పక్క కాలు లైట్ స్టాండ్‌కు అడ్డం. కెమెరాను ఇంకో అర అడుగు ముందుకు తేవాలన్నా దారి ఉండదు. దీనికి స్తంభం స్టాండ్ జవాబు. బరువైన చక్రాల పీట మీద నిలువు స్తంభం, దాని మీద పైకీ కిందికీ జారే అడ్డచేయి, ఆ చేయి చివర హెడ్. పీట టేబుల్ వెనకే ఉండిపోతుంది, చేయి మాత్రం టేబుల్ మీదికి వస్తుంది. స్విట్జర్లాండ్ వాళ్ల ఫోబా లాంటివి జీవితాంతం ఉంటాయి కానీ ధర మన ఊరి పనికి అందదు. చిన్న రకాలు సెకండ్ హ్యాండ్‌లో చూడండి. మోకాలి ఎత్తు నుంచి తలపై ఎత్తు దాకా ఒక్క చేత్తో జరిపి ఆపడం అలవాటైతే మళ్లీ ట్రైపాడ్ కాళ్లు విప్పబుద్ధి కాదు. రోజూ ఇదే పని ఉంటేనే కొనండి. నెలకు రెండు ఆర్డర్లకు అంత చోటు, అంత డబ్బు దండగ.

పిండివంటలు, భోజనం ప్లేట్లు పైనుంచి తీయాలంటే ట్రైపాడ్‌కే అడ్డచేయి తగిలిస్తారు. ఇక్కడ మాత్రం దయచేసి లెక్క వేసుకోండి. కిలోన్నర కెమెరా 60 సెంటీమీటర్లు ముందుకు వేలాడుతుంటే, వెనకవైపు 30 సెంటీమీటర్ల దగ్గర 3 కిలోల బరువు ఉంటేనే సమానం. ఇసుక సంచీ కట్టండి. చేయి ఏ వైపు చాచిందో ట్రైపాడ్ కాళ్లలో ఒకటి అదే వైపు ఉండాలి. కెమెరా పట్టీని చేయికి విడిగా ఒక ముడి వేయండి, మర వదులైనా కింద పడదు. కాళ్ల మధ్య కొక్కేనికి బరువు వేలాడదీస్తే అది గాలికి ఊగకుండా అడుగు నేలకు ఆనీ ఆననట్టు ఉంచండి. చేయి పొడుగైన కొద్దీ వణుకూ ఎక్కువే కాబట్టి, ముట్టుకున్నాక కనీసం 10 క్షణాలు ఆగి, రిమోట్‌తోనో ల్యాప్‌టాప్ నుంచో క్లిక్ చేయండి. ల్యాప్‌టాప్ కేబుల్‌ను ట్రైపాడ్ కాలికి ఒక క్లిప్‌తో పట్టించాలి. లేకపోతే దాని బరువే కెమెరాను లాగుతుంది. లెన్స్‌లో, కెమెరాలో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయండి.

ఇంత చేసినా ఫోటో కదిలితే, తప్పు గదిది కావచ్చు. కాజీపేటలో మొదటి అంతస్తులో గది అద్దెకు తీసుకున్నప్పుడు నాలుగైదు ఫోటోల్లో ఒకటి మసకగా వచ్చేది. స్టాండ్‌నే తిట్టుకున్నాను, మర మర విప్పి బిగించాను. ఒక మధ్యాహ్నం టేబుల్ మీద పెట్టిన గ్లాసులో నీళ్ల మీద సన్నని వలయాలు లేచాయి. అర నిమిషానికి రామగుండం వైపు నుంచి వచ్చే బొగ్గు వ్యాగన్ల చప్పుడు వినబడింది. చెవికంటే ముందు నీళ్లకు తెలిసిపోయింది. అప్పటి నుంచి ఏ గదిలో పనిచేసినా కెమెరా పక్కన ఒక వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టి, దాంట్లో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూస్తాను. అది కదులుతుంటే క్లిక్ చేయను.

ఎల్‌ఈడీ లైటుతో ఐఎస్‌వో (సెన్సార్ సున్నితత్వం) 100, ఎఫ్/11 అంటే షటర్ అర సెకను, ఒక సెకను దాకా పోతుంది. ఆ సెకనులో రైలు, పై ఇంటివాళ్ల నడక, బోరు మోటారు, కూలర్ అన్నీ ఫోటోలోకి వస్తాయి. ఫ్లాష్ అయితే వెలుగు మెరిసేది చాలా తక్కువసేపు, సెకనులో వెయ్యో వంతు లాంటి లెక్క. చిన్న వణుకు కనబడదు. కాబట్టి మేడ మీది గది, తేలిక స్టాండ్ ఉన్నవాళ్లు కొత్త ట్రైపాడ్ కంటే ముందు ఒక ఫ్లాష్ గురించి ఆలోచించాలి. కానీ 30 ఫ్రేములు కలిపే పనికి ఫ్లాష్ ఒక్కటే చాలదు, కెమెరా చోటు మారకూడదు కదా. మే నెలలో ఫ్యాన్ ఆపి, చెమటలు తుడుచుకుంటూ తీస్తాం. వేరే దారి లేదు.

పెంబర్తి ఇత్తడి తీసేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే దారిలో, జనగామ దగ్గరి ఊరు. అక్కడి కలశం కడుపు కుంభాకార అద్దమే. గదిలో ఉన్నదంతా దాంట్లో కనబడుతుంది. నా స్టాండ్ మెరిసే ఉక్కు గొట్టం కలశం మీద నిలువుగా తెల్ల గీతలా పడింది, దాన్ని తుడవడానికి కంప్యూటర్‌లో రెండు గంటలు పట్టింది. అందుకే స్టాండ్ నల్లది, మెరుపు లేనిది తీసుకోండి. మెరిసేదే ఉంటే గుడ్డ టేప్ నల్లది చుట్టండి. లెన్స్ పట్టేంత రంధ్రం చేసిన నల్ల గుడ్డ ఒకటి కెమెరా ముందు వేలాడదీయండి. ఇత్తడికి ఒక్క లైటు చోటు సరిపోదు కాబట్టి నేను లైటు జరుపుతూ నాలుగు ఫ్రేములు తీసి, ఒక్కోదాంట్లో బాగున్న భాగం తీసుకుంటాను. ఆ నాలుగింటి మధ్య స్టాండ్‌ను ముట్టుకోను, బ్యాటరీ కూడా మార్చను.

చివరిది, బొమ్మల పటాలు, చీర అంచులు, పాత కాగితాలు పైనుంచి తీసే కాపీ స్టాండ్. ఇది నేను కొనలేదు, కట్టుకున్నాను. మా బాపు స్టూడియో నడిపిన రోజుల్లో ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్ ఉండేది. తల పాడైంది కానీ నిలువు స్తంభం, పళ్ల పట్టీ, తిప్పే చక్రం చెక్కుచెదరలేదు. పాత స్టూడియో ఉన్న ఇళ్లలో అడగండి, ఇలాంటివి అటక మీద దొరుకుతాయి. అడుగున కరీంనగర్ గ్రానైట్ తుంట వేశాను. రెండడుగులు బై ఒకటిన్నర, 20 మిల్లీమీటర్ల మందం, దగ్గర దగ్గర 15 కిలోలు. బండలు కోసే చోట నాలుగు రంధ్రాలు వేయించి స్తంభాన్ని బోల్టులతో బిగించాను. కింద రబ్బరు ముక్కలు. ఇప్పటికీ నా దగ్గరున్న వాటిలో అతి స్థిరమైన స్టాండ్ ఇదే.

చేర్యాల పటం ఒకటి దీని మీదే తీశాను. చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసిన గుడ్డ మీద ఎర్రటి నేపథ్యం, వరస వరసగా కథ. పటం పొడుగు కాబట్టి ముక్కలు ముక్కలుగా తీసి అతకాలి. కెమెరా ఏమాత్రం వాలినా ఒక ముక్కలో అంచు వెడల్పుగా, పక్క ముక్కలో సన్నగా వచ్చి గీతలు కలవవు. వాలు సరిచూసుకోవడానికి మట్టపు బుడగకంటే అద్దం నమ్మకమైనది. పటం మీద మెత్తని కాగితం పరిచి, దాని మీద చిన్న అద్దం ముక్క వెల్లకిలా పెట్టండి. అద్దంలో కనిపించే మీ లెన్స్ మీదికే ఫోకస్ మార్చండి. లెన్స్ గుండ్రం సరిగ్గా ఫ్రేమ్ నడిమధ్యకు వచ్చేదాకా హెడ్‌ను తిప్పండి. అక్కడికి వచ్చిందంటే సెన్సార్, పటం సమాంతరం. ఇక్కడ కూడా గేర్ హెడ్ ఉంటే రెండు నిమిషాల పని, బాల్ హెడ్ ఉంటే అరగంట. తర్వాత కెమెరాను జరపకుండా పటాన్నే జరుపుతూ, ప్రతి ముక్కలో పక్క ముక్క మూడో వంతు కలిసేలా తీయాలి. పటం కింది అంచు జారే దారికి గ్రానైట్ మీద ఒక చెక్క బద్ద అంటించాను. గీసే పెద్దాయన స్క్రీన్ మీద అతికిన అంచును వేలితో పొడుగునా తడిమి, “అతుకు యాడుందో కానొస్తలేదు బిడ్డా” అన్నారు.

సెకండ్ హ్యాండ్ కొనడానికి హైదరాబాద్ కోఠికి వెళ్లేవాళ్లు గీతలు, రంగు పోవడం పట్టించుకోవద్దు. గేర్ నాబ్‌ను ఒక వైపు తిప్పి, వెంటనే రెండో వైపు తిప్పి, కెమెరా కదలకుండా ఎంత దూరం ఉత్తగా తిరుగుతుందో చూడండి. పావు చుట్టు ఉత్తగా తిరిగితే పళ్లు అరిగినట్టే. కాళ్ల లాక్‌లు బిగించి, పైనుంచి ఒంటి బరువు కొంత ఆనించి నొక్కితే దిగకూడదు. హెడ్ కింద మర 3/8 అంగుళాలదా, పావు అంగుళందా చూసుకుని, తేడా ఉంటే మర మార్చే చిన్న ఇత్తడి బుష్ అక్కడే అడిగి తీసుకోండి. ఇంటికొచ్చాక వెతికితే మన ఊళ్లో దొరకడానికి వారం పడుతుంది.